చక్రాల ఇల్లు, అడవి చుట్టరికం



వేసవి సెలవులు వచ్చాయంటే మన సరిహద్దు జిల్లాల్లో కారో, వ్యానో మాట్లాడుకొని, చిత్రాన్నం కట్టుకొని, నీళ్ల క్యాను వేసుకొని పిల్లా జెల్లాతో బయలుదేరడం మనందరికీ అలవాటే. మైసూరు, బందీపురం, ముదుమలై, ఊటీ. దారిలో చెట్టు నీడ చూసి బండి ఆపడం, పేపరు పరచి తినడం, మిగిలింది అక్కడే వదిలి రావడం. నేనూ అలా వెళ్లినవాణ్ణే, అలా వదిలి వచ్చినవాణ్ణే. 2023 జూలైలో మా కుటుంబమంతా కలిసి చేసిన ఒక ప్రయాణం నా ఈ అలవాటును ఎలా మార్చిందో ఈ రోజు మీకు మనవి చేస్తాను.

మాది హోసూరు దగ్గర డెంకణికోట పక్క పల్లె. నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా పెద్దబ్బాయి అమెరికాలో, యూటా రాష్ట్రంలోని సాల్ట్‌లేక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఏడాది మేమిద్దరం వాళ్లింటికి వెళ్లినప్పుడు వాడొక మాట అన్నాడు. "నాయనా, హోటళ్లలో దిగితే అమ్మకు వంట కుదరదు, నీకు నిద్ర కుదరదు. ఇల్లే తీసుకొని పోదాం" అన్నాడు. మర్నాడు ఇంటి ముందుకు ఒక బండి తెచ్చి నిలిపాడు. దాని పొడవు 25 అడుగులు. లోపల పొయ్యి ఉంది, ఫ్రిజ్ ఉంది, మంచాలున్నాయి, చిన్న స్నానాల గది ఉంది. అక్కడ దీన్ని క్యాంపర్ అంటారు, ఆర్వీ అనీ అంటారు. మనవాళ్లు కేరవాన్ అనే బండి ఇలాంటిదే. ఇంత పెద్ద బండికి ప్రత్యేకమైన లైసెన్సు కావాలేమో అనుకున్నాను. మామూలు కారు లైసెన్సు చాలట.

ఆ బండిలో మేము ఆరుగురం. నేను, మా ఇంటావిడ, కొడుకు, కోడలు, పన్నెండేళ్ల మనవరాలు, ఎనిమిదేళ్ల మనవడు. పన్నెండు రోజులు. మూడు జాతీయ పార్కులు: వయోమింగ్ రాష్ట్రంలోని గ్రాండ్ టీటన్, దానికి ఉత్తరాన ఉన్న ఎల్లోస్టోన్, ఇంకా పైన కెనడా సరిహద్దును ఆనుకొని ఉన్న గ్లేసియర్.

వెళ్లాలనుకునేవారి కోసం ఒక మాట. పార్కుల్లో బండి నిలుపుకునే చోటు, అంటే క్యాంప్‌గ్రౌండు, నెలల ముందే రిజర్వు చేసుకోవాలి. మేము వెళ్లినప్పుడు అన్ని జాతీయ పార్కులకూ కలిపి ఏడాది పాసు 80 డాలర్లు. 2026 జనవరి నుంచి విదేశీయులకు రుసుము బాగా పెంచారు. బయలుదేరే ముందు కనుక్కొని వెళ్లడం మంచిది.

మొదటి మజిలీ గ్రాండ్ టీటన్. సాల్ట్‌లేక్ నుంచి సుమారు 450 కిలోమీటర్లు పోయాక జాక్సన్ అనే ఊరు వస్తుంది. ఆ ఊరు దాటగానే ఎడమ చేతివైపు కొండలు. వాటి ముందు మన నంది కొండలాంటి చిన్న గుట్టలు కూడా లేవు. చదును నేల మీద నుంచి ఒక్కసారిగా లేచి నిలుచున్నాయి. పెద్ద శిఖరం ఎత్తు 4,199 మీటర్లు. జూలై నెలలో కూడా మంచు చారలు కనిపిస్తున్నాయి. ఆ రాత్రి కోల్టర్ బే అనే చోట, సరస్సు ఒడ్డున బండి నిలిపాం.

అక్కడే నా వల్ల ఒక తప్పు జరిగింది.

మా ఇంట్లో తినే ముందు కాకికి ఒక ముద్ద పెట్టడం మా అమ్మ నాటి నుంచీ ఉంది. నేను బడికి వెళ్లే రోజుల్లో కూడా ప్రహరీ గోడ మీద ముద్ద పెట్టకుండా కంచం ముందు కూర్చున్నది లేదు. ఆ సాయంకాలం మా ఇంటావిడ సంగటి చేసింది. రాగిపిండి మన ఊరినుంచి తీసుకెళ్లిందే. బండి పక్కన చెక్క బల్ల ఉంది. నల్లటి పెద్ద కాకులు రెండు తిరుగుతున్నాయి. నేను ఒక ముద్ద తీసి, కాస్త పప్పు కలిపి, బల్ల చివర పెట్టి చేతులు కడుక్కొని లోపలికి వచ్చాను. పుణ్యం చేశాననే అనుకున్నాను.

అరగంట కాలేదు, తలుపు తట్టిన చప్పుడు. టోపీ పెట్టుకున్న పార్కు రేంజరు. చాలా మర్యాదగా మాట్లాడాడు. బల్ల మీద తిండి ఎవరు పెట్టారని అడిగాడు. మా అబ్బాయి నా వైపు చూశాడు. నేను పెట్టానని ఒప్పుకున్నాను. కాకుల కోసం పెట్టానని మా వాడు వివరించాడు. రేంజరు ఒక కాగితం మీద హెచ్చరిక రాసి ఇచ్చి, చెప్పింది ఇది. ఆ అడవిలో నల్ల ఎలుగులూ ఉన్నాయి, గ్రిజ్లీ అనే పెద్ద ఎలుగులూ ఉన్నాయి. మనిషి తిండి ఒక్కసారి రుచి చూసిన ఎలుగు మళ్లీ అదే చోటికి వస్తుంది. మొదట బల్ల దగ్గరికి, తర్వాత గుడారం దగ్గరికి, ఆ తర్వాత తలుపు దగ్గరికి. అప్పుడు మనుషుల్ని కాపాడడానికి దాన్ని చంపక తప్పదు. "మీరు పెట్టింది కాకికి. అది ఎవరి చావుకు పోతుందో మీకు తెలియదు" అన్నట్టుగా మా వాడు నాకు తెలుగులో చెప్పాడు.

మనవరాలు నా చెయ్యి పట్టుకొని, "తాతా, ఆయనకు సారీ చెప్పు" అంది. చెప్పాను. టార్చిలైటు వేసుకొని నేనూ మనవడూ బల్ల మీద మెతుకు మిగలకుండా ఏరి తెచ్చాం. డెబ్బై ఏళ్ల వయసులో ఎనిమిదేళ్ల పిల్లవాడి పక్కన మోకాళ్ల మీద కూర్చొని మెతుకులు ఏరాను శ్రోతలారా. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

రెండు రోజుల తర్వాత ఎల్లోస్టోన్ చేరాం. 1872 మార్చి 1న ఏర్పడిన ఈ పార్కు ప్రపంచంలో మొట్టమొదటి జాతీయ పార్కుగా పేరు పొందింది. విస్తీర్ణం సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు. భూమి లోపలి వేడి వల్ల మరిగే నీటి బుగ్గలు, ఆవిరి గుంటలు, ఉడికే బురద మడుగులు, అన్నీ కలిపి పదివేలకు పైగా ఉన్నాయి. ప్రపంచంలోని వేడినీటి ఫౌంటెన్లలో సగానికి పైగా ఇక్కడే ఉన్నాయంటే అర్థం చేసుకోండి.

మేము నాలుగు రాత్రులు ఫిషింగ్ బ్రిడ్జ్ అనే చోట బండి నిలిపాం. అక్కడ గుడారాలు వేసుకోనివ్వరు. గోడలు గట్టిగా ఉన్న బండ్లకు మాత్రమే అనుమతి. కారణం ఎలుగులే. అది వాటి చేపల వేట దారి. పేరుకు ఫిషింగ్ బ్రిడ్జ్ అయినా ఆ వంతెన మీద 1973 నుంచి చేపలు పట్టనివ్వడం లేదు. పక్కనున్న సరస్సు సముద్రమట్టానికి 2,357 మీటర్ల ఎత్తున ఉంది. మన ఊటీ కంటే వంద మీటర్లకు పైగా ఎక్కువ. జూలై రాత్రి రెండు దుప్పట్లు కప్పుకున్నాం.

అక్కడి పాత ముచ్చట ఒకటి విని ఆశ్చర్యపోయాను. ఒకప్పుడు ఆ పార్కులో హోటళ్ల ఎంగిళ్లు ఒకచోట పోసేవారట. ఎలుగులు వచ్చి తింటుంటే చుట్టూ బెంచీల మీద జనం కూర్చొని వినోదంగా చూసేవారట. రోడ్డు పక్కన కార్ల కిటికీల్లోంచి బిస్కెట్లు పెట్టేవారట. దాని ఫలితం ఏమిటంటే, 1931 నుంచి 1969 వరకు ఏడాదికి సగటున 48 మంది ఎలుగుల చేత గాయపడ్డారు. 1970 నుంచి చెత్తకుప్పలు మూసేశారు, ఎలుగు తెరవలేని మూతల డబ్బాలు పెట్టారు, తిండి పెట్టడం గట్టిగా ఆపించారు. ఇప్పుడు ఆ సంఖ్య ఏడాదికి ఒకరో ఇద్దరో. అంటే ఎలుగు గుణం మారలేదు. మనిషి అలవాటు మారింది. నాకిచ్చిన ఆ హెచ్చరిక కాగితం విలువ అప్పుడు తెలిసింది.

నాది ఒక పొరపాటైతే, మా ఇంటావిడది తప్పిపోయిన పొరపాటు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే ప్రసిద్ధమైన వేడినీటి ఫౌంటెన్ చూశాం. సుమారు గంటన్నరకొకసారి చిమ్ముతుంది. తర్వాత ఎప్పుడు చిమ్మేదీ అంచనా కట్టి బోర్డు మీద రాసి పెడతారు. రైలు కోసం ఎదురు చూసినట్టు జనం వరుసగా కూర్చుంటారు. అక్కడి నుంచి రెండున్నర కిలోమీటర్లు చెక్క బాట మీద నడిస్తే మార్నింగ్ గ్లోరీ పూల్ అనే మడుగు వస్తుంది. పొద్దున విచ్చే నీలి గంట పువ్వు ఆకారం దానిది. నడుమ ఆకుపచ్చ, అంచుల్లో పసుపు, నారింజ. మా ఇంటావిడ చూసి, "ఎంత పవిత్రంగా ఉందో" అంటూ చీర కొంగుముడి విప్పింది. చేతిలో రూపాయి బిళ్ల. కావేరి వంతెన మీద బస్సు పోతుంటే కిటికీలోంచి నాణెం వేసి దండం పెట్టే అలవాటు ఆమెది. మనలో ఎందరికో ఉన్నదే.

మనవరాలు "అవ్వా, వద్దు!" అని చెయ్యి పట్టుకుంది. పక్కనున్న బోర్డు చదివి అర్థం చెప్పింది. ఆ మడుగు ఒకప్పుడు పూర్తిగా నీలంగా ఉండేదట. వచ్చినవాళ్లు నాణేలు, రాళ్లు, చెత్త విసిరి విసిరి అడుగున వేడినీరు వచ్చే దారి మూసుకుపోయింది. దాంతో నీటి వేడి తగ్గింది. వేడి తగ్గేసరికి, ఇంతకుముందు అంచుల్లో మాత్రమే బతికిన సూక్ష్మజీవులు నడుమకు పాకాయి. ఆ పసుపూ నారింజా వాటి రంగే. 1950లో నీటిమట్టం తగ్గించి శుభ్రం చేస్తే నాణేలతో పాటు చేతి రుమాళ్లు, సాక్సులు, చొక్కాలు కూడా బయటపడ్డాయి. మనం అందం అనుకొని చూస్తున్న ఆ రంగులు, నిజానికి ఆ మడుగు పోగొట్టుకున్న నీలం గుర్తులు.

మా ఇంటావిడ బిళ్లను మళ్లీ కొంగులో ముడి వేసుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దండం పెట్టుకుంటే చాలునేమో లే" అంది. అంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కడి అడవిదున్నలను బైసన్ అంటారు. మగది 900 కిలోల దాకా తూగుతుంది. గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. హేడెన్ లోయలో మంద రోడ్డు దాటుతుంటే అరగంట పైగా బండ్లన్నీ ఆగిపోయాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు. దున్నకు 23 మీటర్లు, ఎలుగుకూ తోడేలుకూ 91 మీటర్లు ఎడంగా ఉండాలని అక్కడి చట్టం. 1902లో ఈ పార్కులో మిగిలిన అడవిదున్నలు సుమారు రెండు డజన్లు. ఈ రోజు వేలల్లో ఉన్నాయి. తోడేళ్లనైతే 1926 నాటికి పూర్తిగా చంపేశారు. తప్పు తెలుసుకొని 1995, 96 సంవత్సరాల్లో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి వదిలారు.

అంతా మంచే జరిగిందని కూడా అనుకోకండి. ఆ నేల మీద వేల ఏళ్లుగా తిరిగిన ఆదివాసులు ఉన్నారు. ఎల్లోస్టోన్‌తో సంబంధమున్న తెగలు 27 అని పార్కువారే చెబుతారు. పార్కు ఏర్పడ్డాక కొన్నేళ్లలోనే అక్కడ నివసించేవారిని బయటికి పంపించేశారు. మృగాలకు చోటు దొరికింది, మనుషులకు పోయింది. ఈ మాట మనసులో పెట్టుకొని మిగతాది వినండి.

మూడో మజిలీ గ్లేసియర్ పార్కు. 1910లో ఏర్పడింది. గ్లేసియర్ అంటే మంచు నది. 2015లో లెక్క చూస్తే అక్కడ చెప్పుకోదగ్గ పరిమాణం ఉన్నవి 26 మాత్రమే. అవీ కరుగుతున్నాయి. ఆ పార్కు నడుమ కొండల మీదుగా పోయే ఒక అందమైన రోడ్డుంది. 21 అడుగులు దాటిన బండిని ఆ రోడ్డు మీదికి రానివ్వరు. మాది 25 అడుగులు. మా వాడు ఉసూరుమన్నాడు. చివరికి చక్రాల ఇంటిని కింద వదిలి, పార్కువారి ఉచిత బస్సులో కనుమ దాకా వెళ్లి వచ్చాం. బండి పొడవుకు తగ్గట్టు కొండను ఇంకా చెక్కలేదు వాళ్లు. రోడ్డు కొలతకు తగ్గట్టు బండిని ఆపారు.

అక్కడ మేము దిగిన క్యాంప్‌గ్రౌండులో బండికి నీటి గొట్టం, కరెంటు తీగ కలుపుకునే వసతి లేదు. మా ట్యాంకులో పట్టేది సుమారు 150 లీటర్లు. ఆరుగురికి రోజులు గడవాలి. వాడిన నీళ్లు ఒక ట్యాంకులోకి, మరుగుదొడ్డిది వేరే ట్యాంకులోకి చేరతాయి. నిండాక దానికని ఉన్న చోటికి బండి తీసుకెళ్లి, చేతికి తొడుగులు వేసుకొని, లావుపాటి గొట్టంతో మనమే ఖాళీ చెయ్యాలి. మా ఇంజనీరు కొడుకు ఆ పని చేస్తుంటే పిల్లలు ముక్కు మూసుకొని నిలబడి చూశారు. మన మురికి ఎంతో, అది ఎక్కడికి పోతుందో వాళ్లకూ నాకూ అంత వివరంగా తెలియడం అదే మొదలు.

నీళ్ల పొదుపులో మాత్రం మా ఇంటావిడే అందరికీ గురువైంది. సంగటి గిన్నె కడగడమంటే మీకు తెలుసు కదా, ఎంత నీళ్లు పోసినా అంటుకునే ఉంటుంది. ఆమె అడుగు గీకి, కాగితంతో తుడిచి, రెండు గ్లాసుల నీళ్లతో గిన్నె మెరిపించింది. కోడలు ఆశ్చర్యపోతే, "నేను రెండు మైళ్లు బిందె మోసినదాన్ని తల్లీ, నీళ్ల కొలత నా నడుముకు తెలుసు" అంది.

ఆ కొండల్లో ఫోను పలకలేదు. చీకటి పడ్డాక పిల్లలకు వేరే దారి లేక నా పక్కన చేరేవారు. వాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మనకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీనో అయినట్టే. నేను మా చిన్ననాటి మంచె కథలు చెప్పాను. కార్తీక మార్గశిర మాసాల్లో రాగి కంకి గట్టిపడే వేళ, బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల మందలు మా డెంకణికోట, తళి, జవళగిరి అడవుల్లోకి వస్తాయి. మా నాయన నన్ను మంచె మీద కూర్చోబెట్టుకొని రాత్రంతా నూనె డబ్బా వాయించేవాడు. ఒక్క రాత్రిలో ఎకరం రాగి పోయిన సంవత్సరం మా ఇంట్లో బాకీ ఎలా పెరిగిందో కూడా చెప్పాను. మంచె, కంకి, చేను, కుప్ప, ఈ మాటలన్నీ ఆ పిల్లలకు ఆ రాత్రుల్లోనే వచ్చాయి.

కథ అయ్యాక మనవడు ఒక ప్రశ్న వేశాడు. "తాతా, ఇక్కడ అడవిలో మనం చుట్టాలం అన్నారు కదా. మరి మీ చేనికి ఏనుగు వస్తే, అది చుట్టమా, మీరు చుట్టాలా?"

నలభై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. జవాబు చెప్పలేకపోయాను. ఆ చేను మా తాత నాటిది. ఆ దారి ఏనుగు తాత నాటిది. మా నాయన బాకీ అబద్ధం కాదు, ఏనుగు ఆకలీ అబద్ధం కాదు. అమెరికాలో మనుషుల్ని పంపించేసి ఆ ప్రశ్నను దాటేశారు. మనకు అది దారి కాదు, కాకూడదు కూడా. 2014లో మా ప్రాంతపు అడవిని కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. దాని అంచులోనే మన చేలు, మన పశువులు, మన బడులు ఉన్నాయి. అడవి అంచున రాగి పండించే రైతు పడే నష్టాన్ని అతనొక్కడి నెత్తిన వదిలెయ్యకూడదు. పరిహారం వేళకు అందాలి. అది ప్రభుత్వం పని.

అయితే చేను లేనివాళ్లం, సెలవుల్లో బండి వేసుకొని అడవి చూడబోయేవాళ్లం ఉన్నాం కదా. అడవిలో మనం చుట్టాలమా, ఇంటివాళ్లమా అన్న సందేహమే మనకు అక్కరలేదు. మనం ముమ్మాటికీ చుట్టాలమే. బందీపురం మీదుగా పోయే రెండు జాతీయ రహదారుల్లో రాత్రి 9 గంటల నుంచి పొద్దున 6 గంటల వరకు వాహనాలను ఆపాలని 2009లో ఆజ్ఞ వచ్చింది. ప్రయాణం ఆలస్యమవుతోందని నేనూ విసుక్కున్నవాణ్ణే. చక్రాల కింద పడి చచ్చే జింకల కోసం, దారి దాటే ఏనుగు పిల్లల కోసం ఆ తొమ్మిది గంటలు వదిలిపెట్టారని ఇప్పుడు తెలిసింది. చుట్టం ఇంటివాళ్లు పడుకున్నాక తలుపు తట్టడు కదా.

మేము తిరిగి వచ్చాక, పోయిన ఏడాది చిన్నవాడి కారులో మైసూరు మీదుగా ఊటీ వెళ్లాం. ముదుమలై దారిలో ఒక బండి ఆపి, కిటికీలోంచి కోతులకు అరటిపళ్లు వేస్తున్నారు. మంచివాళ్లే. పుణ్యం చేస్తున్నామనే అనుకుంటున్నారు. నేను దిగి వెళ్లి, "అమ్మా, నేనూ ఇలాగే ఒకసారి కాకికి ముద్ద పెట్టాను" అని మొదలుపెట్టి టీటన్ కథ రెండు మాటల్లో చెప్పాను. ఆమె కోపగించుకోలేదు. మిగిలిన పళ్లు సంచిలో వేసుకొని అద్దం ఎత్తుకుంది.

ఈసారి మీరు అడవి దారిన పోయేటప్పుడు ఒక సంచి అదనంగా తీసుకెళ్లండి. తిన్న ఆకు, తాగిన సీసా, మిగిలిన ముద్ద అన్నీ అందులో వేసి ఇంటికి తెచ్చుకోండి. కాకికి ముద్ద పెట్టడం మానకండి. మన ఇంటి గోడ మీద పెట్టండి. మా ఇంటావిడ కొంగులోని ఆ రూపాయి బిళ్ల అమెరికా చూసి వచ్చి, ఇప్పుడు మా దేవుడి పటం ముందు ఉంది.